మూడు స్నానాల గదులకు ఒకేవేళ వేడినీరు

నరకచతుర్దశినాటి తెల్లవారుజామున చెన్నైలో తెలుగు ఇళ్ళూ తమిళ ఇళ్ళూ ఒకే పనిమీద ఉంటాయి. సూర్యుడు పొడవకముందే ఇంటిల్లిపాదికీ తలంటు పూర్తి కావాలి. పండుగకు నెల్లూరు నుండో చిత్తూరు నుండో బంధువులు వచ్చి ఉంటారు. ఇంట్లో మూడు స్నానాల గదులు ఉంటాయి, గదికొక షవరూ ఉంటుంది. అయినా రెండవవారు తలకు కుంకుడురసం పట్టించుకునే వేళకు వేడినీరు కాస్తా చల్లబడిపోతుంది. మూడవవారు వంటింట్లో పొయ్యిమీద నీళ్ళు కాచుకుంటారు. పండుగనాడు కనిపించే ఈ ఇబ్బందే, బడి వ్యానూ ఆఫీసు బస్సూ ఒకే గంటలో వచ్చే ఇళ్ళలో ధనుర్మాసమంతా ప్రతి ఉదయమూ ఎదురవుతుంది.

పూర్వపు చెన్నపట్నం ఇళ్ళలో నడుమ గొట్టంలో బొగ్గులు వేసి మండించే రాగి బాయిలరు ఉండేది. అది లేనిచోట పెరటి పొయ్యిమీద కాగు ఉండేది. స్నానాల గది ఒక్కటే గనుక ఒకరి తరువాత ఒకరు స్నానం చేసేవారు. ఒకరు ముగించేలోపు తరువాతివారి నీళ్ళు కాగేవి. నేటి ఇంటికి రోజు మొత్తంమీద కావలసిన వేడినీరు అప్పటికంటే మరీ ఎక్కువేమీ కాదు. అది ఒకే అరగంటలో, మూడు చోట్ల, సమానమైన ధారగా కావాలనడమే కొత్త. చెన్నై వాతావరణంలో నీటిని వేడిచేయడం సులభం. దానిని మూడు గదులకు ఒకేసారి అందించడంలోనే ఖర్చూ కష్టమూ ఉన్నాయి. గీజరు మార్చాలనుకునే గృహస్థులు దుకాణానికి వెళ్ళేముందు ఈ తేడాను గ్రహిస్తే అనవసరమైన కొనుగోలు చాలావరకు తప్పుతుంది.

ముందుగా ఒక లెక్క

ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కించడానికి సుమారు 1.16 వాట్-గంటల విద్యుత్తు కావాలి. జనవరిలో ఢిల్లీ సగటు కనిష్ఠ ఉష్ణోగ్రత 7, 8 డిగ్రీల దరిదాపున ఉంటే, చెన్నైలో అది 21 డిగ్రీల దరిదాపున ఉంటుంది. మిద్దెమీది ట్యాంకులోని నీరు చలికాలంలోనూ 25 డిగ్రీలు ఉంటుందని లెక్కకు తీసుకోవచ్చు. స్నానానికి హాయిగా ఉండేది 40 డిగ్రీల నీరు. అంటే పెంచవలసినది 15 డిగ్రీలే. ఉత్తరాది ఇళ్ళను దృష్టిలో పెట్టుకుని తయారైన పట్టికలు చూసి ఇక్కడ గీజరు కొనేవారు అవసరానికి మించి కొంటారు.

మామూలు షవరు నిమిషానికి 8 లీటర్ల నీరు పోస్తుందనుకుంటే, ఆ ధారను అప్పటికప్పుడు 15 డిగ్రీలు వేడెక్కించడానికి 8.4 కిలోవాట్లు కావాలి. రెండు షవర్లకు 17, మూడింటికి 25 కిలోవాట్లు. దుకాణాలలో సాధారణంగా దొరికే ఇన్‌స్టంట్ గీజరు 3 కిలోవాట్లది. అది నిమిషానికి 3 లీటర్లకు కొంచెం తక్కువగానే 40 డిగ్రీల నీటిని ఇస్తుంది. ఆ ధార బక్కెట్టు నింపుకోవడానికి పనికివస్తుంది గాని షవరుకు చాలదు. కనుక ఒకేసారి పలు షవర్లు నడవాలంటే నీటిని ముందుగా కాచి నిల్వ ఉంచడం తప్ప గృహస్థుకు వేరు మార్గం లేదు.

నిల్వ గీజరు లెక్క వేరు. 25 లీటర్ల గీజరులో నీరు 60 డిగ్రీలకు కాగితే, దానిలో చన్నీరు కలుపుకొన్నప్పుడు 40 డిగ్రీల నీరు 58 లీటర్లు కావాలి. లోపలికి వచ్చే చన్నీరు అడుగున కలుస్తూ ఉండటం వలన వాస్తవంలో ఇంకొంత తక్కువే వస్తుంది. బక్కెట్టు స్నానానికి 15 నుండి 20 లీటర్లు సరిపోతాయి గనుక ఆ గీజరు రెండు మూడు స్నానాలకు వస్తుంది. అదే ఐదు నిమిషాల షవరుకు 40 లీటర్లు పోతాయి, కనుక ఒకరికి మాత్రమే వస్తుంది. తరువాతివారు మరో అరగంట వేచి ఉండాలి. 2 కిలోవాట్ల కాయిలు 25 లీటర్లను మళ్ళీ 60 డిగ్రీలకు తేవడానికి పట్టే సమయం అంత. ఏళ్ళ తరబడి బాగా పనిచేసిన గీజరు షవరు బిగించిన మరునాటి నుండి “పాడైపోయింది” అనిపించడానికి కారణం ఇదే. గీజరులో లోపమేమీ ఉండదు.

నలుగురున్న కుటుంబం ఒకే గంటలో షవరు స్నానాలు ముగించాలంటే 40 డిగ్రీల నీరు 160 లీటర్లు కావాలి. దానికి 60 డిగ్రీల నీరు 70 లీటర్లు చాలు. కొంత వెసులుబాటు ఉంచుకుంటే 100 లీటర్ల ట్యాంకు సరిపోతుంది. బంధువుల రాకపోకలు ఎక్కువగా ఉండే ఇళ్ళకు, ముఖ్యంగా చికిత్స కోసం చెన్నై ఆసుపత్రులకు వచ్చే స్వగ్రామస్థులకు తరచు ఆతిథ్యమిచ్చే ఇళ్ళకు 150 లీటర్లు మేలు. అంతకు మించినది మామూలు కుటుంబానికి అక్కరలేదు.

ధార బలం

పెద్ద ట్యాంకు పెట్టించిన తరువాత కూడా మూడు షవర్లు కలిసి నడవకపోతే లోపం దాదాపు ఎప్పుడూ నీటి ఒత్తిడిలోనే ఉంటుంది. చెన్నై ఇళ్ళలో కొళాయికి వచ్చే నీరు మెట్రోవాటర్ పైపు నుండి నేరుగా రాదు. నీరు మొదట నేలలోని సంపులో పడుతుంది, మోటారు దానిని మిద్దెమీది ట్యాంకుకు ఎక్కిస్తుంది, అక్కడి నుండి స్వంత బరువుతో దిగివస్తుంది. ట్యాంకు అడుగు షవరుకంటే ఎన్ని మీటర్లు ఎత్తున ఉంటే, మీటరుకు 0.1 బార్ చొప్పున అంత ఒత్తిడి ఏర్పడుతుంది. పై అంతస్తువారి షవరుకు ఆ ఎత్తు 2 మీటర్లే ఉండవచ్చు. అంటే 0.2 బార్. అదే భవనంలో రెండంతస్తుల కింద ఉన్నవారికి 0.8 బార్ వస్తుంది. ఒకే రకం గీజరు, ఒకే రకం షవరు కింది ఇంట్లో ధారాళంగా, పై ఇంట్లో చుక్కలుగా పోయడంలో వింతేమీ లేదు.

దీనికి ప్రెషర్ పంపు వాడతారు. అయితే పంపును వేడినీటి పైపుకు మాత్రమే బిగించడం తరచు జరిగే పొరపాటు. అప్పుడు బలమైన వేడినీరు బలహీనమైన చన్నీటి పైపులోకి ఎదురు తోసుకుపోతుంది. చన్నీటి కొళాయి తిప్పితే వేడినీరు వస్తుంది, షవరు ఉష్ణోగ్రత నిలకడగా ఉండదు. పక్క గదిలో ఎవరో కొళాయి తిప్పగానే స్నానం చేస్తున్నవారి వీపు మీద నీరు ఉన్నట్టుండి చుర్రుమనడానికీ ఒత్తిడి హెచ్చుతగ్గులే కారణం. వేడినీరూ చన్నీరూ ఒకే ట్యాంకు నుండి, ఒకే ఒత్తిడితో షవరు వద్దకు చేరాలి. పంపు పెడితే రెండింటికీ కలిపి పెట్టాలి. చన్నీరు వేడినీటి ట్యాంకులోకి వెళ్ళే చోట నాన్-రిటర్న్ వాల్వు ఉండాలి. ఆ వాల్వు ఉన్నప్పుడు కాగి వ్యాకోచించే నీటికి వెనుకదారి ఉండదు గనుక ఒత్తిడిని వదిలే సేఫ్టీ వాల్వు మరింత తప్పనిసరి అవుతుంది. దాని గొట్టం ఎవరి ఒంటిమీదా పడని చోటికి తెరుచుకోవాలి. గొట్టం కారుతున్నదని దానికి బిరడా బిగించినవారు గీజరును బాంబుగా మార్చినట్లే.

పంపు బిగించేది మిద్దెమీది ట్యాంకు తరువాత మాత్రమే. మెట్రోవాటర్ సరఫరా పైపుకు మోటారు తగిలించి నీటిని నేరుగా లాగడం నిషిద్ధం. అలా చేస్తే వీధి చివరి ఇళ్ళకు నీరు అందదు, మురుగు పైపులోకి పీల్చుకునే ప్రమాదమూ ఉంది.

పైపుల విషయానికి వస్తే, గోడలో ఇప్పటికే ఉన్న సన్నని గొట్టం ఒక్క షవరును ఉద్దేశించి వేసినది. ఒకే ట్యాంకు నుండి మూడు గదులకు నీరివ్వాలంటే ప్రధాన పైపు 25 మిల్లీమీటర్లు, గదులకు చీలే పైపులు 20 మిల్లీమీటర్లు ఉండటం మంచిది. వేడినీటికి సి.పి.వి.సి. వాడాలి. మామూలు పి.వి.సి. మెత్తబడి అతుకుల వద్ద ఊడుతుంది. పైపు లావైనకొద్దీ, పొడవైనకొద్దీ మరొక నష్టం ఉంది. 20 మిల్లీమీటర్ల పైపు 12 మీటర్ల పొడవున దాదాపు 4 లీటర్ల నీటిని పట్టి ఉంచుతుంది. ప్రతి స్నానానికీ ముందు ఆ చల్లబడిన నీరంతా పారిన తరువాతే వేడినీరు వస్తుంది. విడివిడిగా నాలుగు స్నానాలైతే రోజుకు 15 లీటర్లు వృథా. 2019 వేసవిలో జలాశయాలు అడుగంటి, జూలైలో జోలార్‌పేట నుండి రైలు వాగన్లలో నీరు తెచ్చుకున్న నగరంలో ఈ లెక్క చిన్నది కాదు. ట్యాంకును మూడు గదులకూ వీలైనంత మధ్యగా అమర్చడం, వేడినీటి పైపుకు నురుగు తొడుగు వేయించడం, మొదట వచ్చే చన్నీటిని బక్కెట్టులో పట్టి బట్టలకో మొక్కలకో వాడటం దీనికి మార్గాలు.

నీటి గుణం

చెన్నై కొళాయి నీరు ఒకేచోటి నుండి వచ్చేది కాదు. పూండి, పుళల్, చెంబరంబాక్కం జలాశయాల నీరు, 1996 నుండి కండలేరు కాలువ మీదుగా పూండికి చేరుతున్న కృష్ణా జలం, మీంజూరు, నెమ్మేలి కేంద్రాలలో ఉప్పు తీసిన సముద్రపు నీరు మెట్రోవాటర్ సరఫరాలో కలుస్తాయి. ఇవి చాలని ఇళ్ళలో బోరునీరో లారీనీరో సంపులో చేరుతుంది. గీజరుకు శత్రువు ఈ చివరి రెండే. తాగునీటి ప్రమాణమైన ఐ.ఎస్. 10500 ప్రకారం నీటి కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే ఆధారం లేనిచోట 600 వరకు అనుమతి ఉంది. కఠినజలం కాగినప్పుడు కాయిలు మీద సున్నపు పెచ్చు కడుతుంది. వేడి పెచ్చును దాటి నీటికి చేరేలోపు కాయిలే మాడిపోతుంది. తిరువాన్మియూరు, నీలాంగరై వంటి తీరప్రాంతాలలో బోరునీటిలోని లవణం స్టీలు ట్యాంకును కూడా తినేస్తుంది. అక్కడ లోపల గాజుపూత ఉన్న ట్యాంకు ఎక్కువ కాలం మన్నుతుంది. ట్యాంకు బదులు తాను కరిగిపోయే మెగ్నీషియం కడ్డీ ఒకటి దానిలో ఉంటుంది. దానిని ఏటేటా విప్పి చూసి, అరిగితే మార్పించాలి. కడ్డీ ఖరీదు ట్యాంకు ఖరీదులో స్వల్పభాగమే అయినా, దాని సంగతి తెలిసిన గృహస్థులు అరుదు.

థర్మోస్టాట్‌ను 60 డిగ్రీల వద్ద ఉంచడం అన్నివిధాలా సమంజసం. అంతకు మించితే పెచ్చు త్వరగా కడుతుంది, విద్యుత్తూ వృథా. బాగా తగ్గించి నిల్వ ఉంచితే గోరువెచ్చని నీటిలో లెజియొనెల్లా అనే హానికర సూక్ష్మజీవి పెరగవచ్చు. కాని 60 డిగ్రీల నీరు నేరుగా ఒంటిమీద పడితే ఐదారు సెకన్లలోనే చర్మం తీవ్రంగా కాలుతుంది. పసిపిల్లలకూ వృద్ధులకూ ఇంకా త్వరగా కాలుతుంది. అందువలన వారు వాడే గదిలోనైనా, నీటిని ఒక నిర్ణీత వేడికి కలిపి వదిలే థర్మోస్టాటిక్ మిక్సర్ బిగించడం అవసరం. ఖర్చు తగ్గించుకోదలచినవారు మిగిలిన గదులకు మామూలు మిక్సర్ పెట్టుకోవచ్చు, ఆ ఒక్క గదికి మాత్రం వద్దు.

ఏ ఏర్పాటు ఎవరికి

సొంత ఇల్లు, సొంత మిద్దె ఉన్నవారికి సౌర హీటరు మొదట పరిశీలించదగినది. చెన్నై ఎండకు అది ఏడాదిలో ఎక్కువ రోజులు విద్యుత్తు అవసరం లేకుండానే పనిచేస్తుంది. అయితే ఇక్కడ వాన కురిసేది ఈశాన్య రుతుపవనంతో, అక్టోబరు నుండి డిసెంబరు వరకు. వేడినీరు ఎక్కువగా కావలసిన దీపావళీ కార్తీకమాసమూ మబ్బుపట్టిన రోజులలోనే వస్తాయి. కనుక ట్యాంకులో విద్యుత్ కాయిలు కూడా ఉన్న సౌర హీటరునే తీసుకోవాలి. కఠినజలం వాడే ఇళ్ళకు రాగి గొట్టాల ఫలకం కంటే గాజు గొట్టాలది నయం, పెచ్చును కడగడం సులభం. చన్నీటి ట్యాంకు సౌర ట్యాంకుకంటే ఎత్తున ఉండాలి. గాలిగొట్టం పెట్టిన మామూలు సౌర ట్యాంకు పంపు ఒత్తిడిని తట్టుకోలేదు. పంపు కావాలంటే ఒత్తిడికి తట్టుకునే ట్యాంకునే అడిగి తీసుకోవాలి. 200 లీటర్ల నీరే 200 కిలోల బరువు. 2016 డిసెంబరు 12 నాటి వార్దా తుపానును చూసినవారికి ఆ చట్రాన్ని మిద్దెకు బోల్టులతో ఎందుకు బిగించాలో చెప్పనక్కరలేదు. అపార్ట్‌మెంట్లలో మిద్దె అందరిదీ గనుక సంఘం నుండి రాతపూర్వక అనుమతి ముందుగా పొందాలి.

మిద్దె మీద చోటు దొరకని అపార్ట్‌మెంటువాసులకు హీట్ పంపు అనుకూలం. అది ఏ.సి. యంత్రం వలెనే, అయితే తలకిందులుగా పనిచేస్తుంది. బయటి గాలిలోని వేడిని తీసి నీటికి ఇస్తుంది. ఇక్కడి గాలి ఏడాది పొడవునా వెచ్చగా ఉండటం వలన, ఒక యూనిట్ విద్యుత్తుకు దాదాపు మూడు యూనిట్ల వేడిని ఇవ్వగలదు. పైన లెక్కించిన 160 లీటర్ల స్నానపు నీటికి మామూలు గీజరు రోజుకు 2.8 యూనిట్లు వాడితే హీట్ పంపుకు ఒక యూనిట్ చాలు. తమిళనాడులో కరెంటు బిల్లు రెండు నెలలకొకసారి వస్తుందన్నది ఆంధ్ర, తెలంగాణల నుండి కొత్తగా వచ్చినవారు గుర్తుంచుకోవాలి. 60 రోజులకు ఆ తేడా వంద యూనిట్లకు పైమాటే. రెండు నెలల వాడకం 500 యూనిట్లు దాటిన ఇంటికి స్లాబు రేట్లే మారిపోతాయి గనుక, ఆ గీతకు దగ్గరలో ఉన్నవారికి వంద యూనిట్లు అనిపించినదానికంటే ఖరీదైనవి. హీట్ పంపు కొనుగోలు ధర ఎక్కువ. దానికి గాలి ఆడే బాల్కనీ వంటి చోటు కావాలి, కొంత చప్పుడూ చేస్తుంది.

100 లీటర్ల మామూలు విద్యుత్ ట్యాంకు ఈ రెండింటికంటే చవక. 3 కిలోవాట్ల కాయిలుతో చన్నీటి నుండి కాగడానికి గంటా ఇరవై నిమిషాలు పడుతుంది. కొనేటప్పుడు ఐ.ఎస్. 2082 ముద్రనూ బి.ఇ.ఇ. నక్షత్రాలనూ చూడాలి. నక్షత్రాలు ఎక్కువైతే కాగిన నీరు నిల్వలో తక్కువగా చల్లబడుతుందని అర్థం.

అద్దెకున్నవారికి గోడలు తవ్వే వీలు ఉండదు. వారికి గదికొక 25 లీటర్ల గీజరే తగినది. మూడింటినీ ఒకేసారి వేస్తే 6 కిలోవాట్ల భారం పడి మెయిన్ స్విచ్చి పడిపోవచ్చు. ఐదింటికి ఒకటి, ఐదున్నరకు రెండవది, ఆరింటికి మూడవది వేసుకుంటే ఆరున్నరకు మూడూ సిద్ధంగా ఉంటాయి. మంచి గీజరులో కాగిన నీరు గంటకు పెద్దగా చల్లబడదు. 2019 ఫిబ్రవరిలో అమలులోకి వచ్చిన తమిళనాడు భూస్వామి, అద్దెదారుల హక్కుల, బాధ్యతల చట్టం అద్దె ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలంటుంది. పైపుల మార్పిడినీ వైరింగునూ అది యజమాని బాధ్యతగా, గీజరు మరమ్మతును అద్దెదారు బాధ్యతగా చూపుతుంది. అద్దెదారు సొంత ఖర్చుతో బిగించుకున్న గీజరును ఖాళీ చేసేటప్పుడు తీసుకుపోవచ్చునా లేదా అన్నది ఒప్పందంలో ఒక్క వాక్యంగా రాయించుకుంటే, అడ్వాన్సు తిరిగి తీసుకునే వేళ మాటపట్టింపు రాదు.

గ్యాస్ గీజరు ఒకటే రెండు షవర్లకు చాలుతుందని కొందరు దానివైపు మొగ్గు చూపుతారు. కిటికీ మూసిన స్నానాల గదిలో అది మండితే కార్బన్ మోనాక్సైడు వెలువడుతుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. తల తిరుగుతున్నదని గ్రహించేలోపే మనిషి స్పృహ తప్పుతాడు. దేశంలో ఏటా చలికాలంలో ఈ మరణాలు వార్తలలోకి వస్తూనే ఉన్నాయి. గ్యాస్ గీజరును ఎట్టి పరిస్థితిలోనూ స్నానాల గది లోపల బిగించరాదు. గది బయట, గాలి ధారాళంగా ఆడే చోట, పొగగొట్టంతో సహా బిగించవలసినదే.

విద్యుత్ పనిలో రాజీ తగదు. ప్రతి గీజరుకూ బోర్డు నుండి విడిగా తీగ, విడిగా ఎం.సి.బి., ఇంటికంతటికీ 30 మిల్లీయాంపియర్ల ఆర్.సి.సి.బి., సరైన ఎర్తింగు ఉండాలి. 3 కిలోవాట్ల గీజరు 13 యాంపియర్లు లాగుతుంది. దానికి 4 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ వేయించడం క్షేమం. పాత ఇళ్ళలో ఎర్తు తీగ గోడదాకా వచ్చి ఆగిపోయి ఉండటం కద్దు. గీజరు కంటే ముందు దానిని పరీక్షింపజేయాలి. ఇంటి మొత్తం భారం మంజూరైనదానికంటే పెరిగితే, ఇక్కడివారు నేటికీ ‘ఈబీ’ అని పిలిచే తమిళనాడు విద్యుత్ పంపిణీ సంస్థకు దరఖాస్తు చేసి మంజూరు పెంచుకోవాలి.

పని పూర్తయిందని ప్లంబరు చెప్పిన తరువాత, చివరి సొమ్ము ఇచ్చేముందు, మూడు షవర్లనూ ఒకేసారి తిప్పించాలి. ఒక్కొక్క దాని కింద 15 లీటర్ల బక్కెట్టు పెట్టి చూస్తే, రెండు నిమిషాలలో ప్రతిదీ నిండాలి. ఆ సమయంలోనే వంటింటి కొళాయిని కూడా తిప్పి, షవరు నీటి వేడి మారుతున్నదేమో చేతితో చూడాలి. ఈ పరీక్ష పై అంతస్తు ఇంట్లోనైతే మిద్దెమీది ట్యాంకు సగం ఖాళీగా ఉన్నప్పుడు చేయించడం మేలు. ఉదయం ఏడింటికి అది ఎలాగూ అలాగే ఉంటుంది.